నోటరీనా, అపోస్టిలా, ఎంబసీ ముద్రా: మన కాగితాలకు ఏది మేలు?

మా అక్క కువైట్‌లో ఉన్న బావ దగ్గరికి వెళ్లాలనుకున్నప్పుడు, పెళ్లి సర్టిఫికెట్ జిరాక్స్ మీద తిరుపతి కోర్టు దగ్గర నోటరీ చేయించాం. స్టాంపు, గుండ్రటి సీలు చూసి పని అయిపోయిందనుకున్నాం. తీరా అక్కడ చూపిస్తే చెల్లదన్నారు. ముద్ర వేసినాయన తప్పేమీ లేదు. ఏ దేశానికి ఏ ముద్ర కావాలో అడగకుండా పరుగెత్తింది మేమే. ఆ టెన్షన్ ఇంకొకరికి రాకూడదనే ఇది రాస్తున్నాను.

1952 చట్టం కింద నోటరీ చేసే పని చిన్నదే. మీరు తన ఎదుట సంతకం పెట్టారనో, నకలు ఒరిజినల్‌తో సరిపోయిందనో ధ్రువీకరిస్తారు. లోపల రాసిందంతా నిజమని కాదు. అమెరికా చదువుకు వెళ్లే పిల్లల కోసం తల్లిదండ్రులిచ్చే ఖర్చుల అఫిడవిట్ లాంటి వాటికి సాధారణంగా ఇది సరిపోతుంది. ఒక్క పూటలో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. కానీ పరాయి దేశపు ఆఫీసరుకు మన ఊరి నోటరీ సంతకం ఎలా తెలుస్తుంది?

ఆ చిక్కు తీర్చడానికే, ఒక దేశపు కాగితాన్ని మరో దేశం ఒక్క ధ్రువీకరణతో ఒప్పుకునేలా, 1961లో హేగ్ ఒప్పందం పుట్టింది. మన దేశంలో అది 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత కాగితం మీది సంతకం, ముద్ర అసలైనవేనని చెప్పే విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్. ఒప్పందంలో ఉన్న దేశానికైతే ఇక ఎంబసీ గడప తొక్కక్కర్లేదు. సర్కారు ఫీజు కాగితానికి 50 రూపాయలే, కాగితాలు తీసుకునే ఏజెన్సీ చార్జీ వేరు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఒమన్, బహ్రెయిన్ ఇందులో ఉన్నాయి. సౌదీలో 2022 డిసెంబర్ నుంచి, కెనడాలో 2024 జనవరి నుంచి ఇది అమల్లోకి వచ్చింది. పాత పద్ధతే తెలిసినవాళ్లు సౌదీకి ఇంకా ఎంబసీ ముద్ర కావాలంటే నమ్మి డబ్బు కట్టకండి. జర్మనీ సంగతి మాత్రం వేరు. ఒప్పందంలో ఉన్నా, భారత్ చేరికకు అభ్యంతరం చెప్పింది కాబట్టి మన అపోస్టిల్ అక్కడ పనికిరాదు.

మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఎక్కువమంది వెళ్లే కువైట్, దుబాయ్, ఖతార్ ఒప్పందంలో లేవు. వీటికి రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఢిల్లీలో ఆ దేశపు ఎంబసీ, చివరికి అక్కడి విదేశాంగ శాఖ అని నాలుగు మెట్లు. రోజులు పడతాయి, ఖర్చూ ఎక్కువే. అయినా ఈ దేశాలకు ఇదే మేలు. అపోస్టిల్ చవక కదా అని దానితో సరిపెట్టుకుంటే మళ్లీ మొదటికొస్తారు.

ఇక ఏజెంటా, సొంతంగానా? విదేశాంగ శాఖ కాగితాలు నేరుగా మన చేతి నుంచి తీసుకోదు, తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. ఒక్క డిగ్రీ సర్టిఫికెట్‌కు అపోస్టిల్ అయితే ఓపిక చేసుకుని మీరే ఆ ఏజెన్సీకి ఇవ్వండి. ఎంబసీ దాకా వెళ్లాల్సి వస్తే ఏజెంటుకు ఇవ్వడమే నయం, ఇక్కడి నుంచి ఢిల్లీకి ఎన్నిసార్లు తిరుగుతాం? కానీ సర్కారు ఫీజెంత, తన కమిషనెంత విడిగా రాసిన రసీదు లేకుండా ఒరిజినల్ చేతికివ్వొద్దు. ఇచ్చే ముందు రెండు వైపులా కలర్ స్కాన్ తీసిపెట్టుకోండి.

ముద్రలు చాలావరకు సర్టిఫికెట్ వెనకే పడతాయి. అందుకే భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించిన ఎస్వీ యూనివర్సిటీ పట్టా ఇంట్లో ఉంటే ముందు దాని సంగతి చూడండి. ప్లాస్టిక్ మీద ముద్ర వేయరు. దాన్ని ఒలిచేటప్పుడు కాగితం చిరగవచ్చు, డూప్లికేట్ కోసం దరఖాస్తు పెట్టుకోవాల్సి రావచ్చు. ఆ పని వీసా చేతికి రాకముందే మొదలుపెట్టండి.