వేరుబుడిపె నులిపురుగులపై పాసిలోమైసిస్ పొడి: ఆరేళ్లు వాడాక

మదనపల్లె దగ్గర మాకున్న ఎకరన్నర గరప నేలలో టమాటా, వంగ, బెండ మార్చిమార్చి వేస్తుంటాను. 2019 నుంచి ఆ పొలంలో వేళ్లను ఉబ్బించే నులిపురుగుల మీద పాసిలోమైసిస్ లిలాసినస్ అనే శిలీంధ్రపు పొడిని ప్రతి పంటకూ వాడుతున్నాను. 2011లో శాస్త్రజ్ఞులు దాని పేరును పర్ప్యూరియోసిలియం లిలాసినమ్‌గా మార్చారు గానీ, మా వైపు దుకాణాల్లో ఇప్పటికీ పాత పేరే చెల్లుతోంది.

మొదట్లో మిట్టమధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి తేరుకునే టమాటా మొక్కలను చూసి నీరు చాలడం లేదనుకున్నాను, ఆ తర్వాత ఎండు తెగులని అనుమానించాను. బాక్టీరియా ఎండు తెగులైతే కాండం ముక్కను గ్లాసు నీళ్లలో నిలిపినప్పుడు తెల్లటి జిగురు దారంలా దిగుతుంది. నా మొక్కల్లో అది దిగలేదు. చివరికి ఒక మొక్కను మట్టిగడ్డతో సహా లేపి కడిగి చూస్తే, వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. వేరుశనగ వేళ్ల మీద ఉండే నత్రజని బుడిపెలను గోటితో గీకితే ఊడి వస్తాయి, కానీ ఇవి ఊడవు, ఎందుకంటే ఇక్కడ ఉబ్బినది వేరు కండే.

ఇది మట్టిలో ఉండే వేరుబుడిపె నులిపురుగు పని. దాని ఆడపురుగు వేరులోనే స్థిరపడి జిగురు సంచిలో వందల కొద్దీ గుడ్లు పెడుతుంది, నేల వెచ్చగా ఉంటే సుమారు నెల రోజుల్లో మరో తరం తయారవుతుంది. శిలీంధ్రం ప్రధానంగా ఆ గుడ్లలోకి చొచ్చుకుపోయి వాటిని చంపుతుంది. కాబట్టి వేళ్లు ఇప్పటికే ఉబ్బిన పంటను ఈ పొడి కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దని నా మనవి. దాని ఫలితం తర్వాతి పంటలో కనిపిస్తుంది. ఒకప్పుడు మేము వేసిన ఫోరేట్ అనే పురుగుమందు గుళికలు త్వరగా పనిచేసేవి గానీ, ఒక పంట దాటేసరికి బుడిపెలు మళ్లీ వచ్చేవి. 2020 చివరితో వాటిపై నిషేధం కూడా వచ్చింది.

మొదటి ఏడాది పొడిని ఇసుకలో కలిపి ఆరిన సాళ్లలో చల్లాను, ఫలితం సున్నా. ఈ శిలీంధ్రానికి తేమ, నీడ, తినడానికి సేంద్రియ పదార్థం కావాలన్న సంగతిని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు రెండు కిలోల పొడిని వంద కిలోల బాగా చివికిన పశువుల ఎరువులోనూ, పది కిలోల వేపపిండిలోనూ కలిపి, చెట్టు నీడన తడి గోనెసంచులు కప్పి పదిహేను రోజులు మాగబెడతాను. మధ్యలో రెండుసార్లు తిరగేసి, పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టేంత తడి మాత్రమే ఉంచుతాను, ఎక్కువ తడిస్తే కుప్ప కుళ్లుతుంది. దీన్ని నాటే ముందు సాళ్లలో వేసి, వెంటనే మట్టితో కప్పి నీరు పెడతాను. నారుమడిలో కూడా ఇదే ఎరువును కలుపుతాను, ఎందుకంటే పురుగు నారుతోనే పొలానికి చేరితే తర్వాత పడిన శ్రమంతా వృథా.

రెండో ఏడాది నారుకుళ్లు వస్తుందన్న భయంతో నాటిన వారంలోనే మొదళ్లలో కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశిని పోసి, నా చేతులారా పెంచిన శిలీంధ్రాన్ని నా చేతులారానే చంపుకున్నాను. పొడి కొనేటప్పుడు తయారీ తేదీని తప్పక చూడాలి. గ్రాముకు 20 లక్షల బీజాలని ప్యాకెట్ మీద ఉన్నా, ఎండలో నిలవ చేసిన సరుకులో అవన్నీ బతికి ఉండవు. ఒకసారి రేకుల షెడ్డులో పెట్టిన పొడిని సగం ధరకు తెచ్చుకుని మోసపోయాను.

ప్రతి పంట ముగిశాక పొలంలో వేర్వేరు చోట్ల పది మొక్కలు పీకి వేళ్లు చూస్తాను. మొదట పదికి పదీ బుడిపెలతో నిండి ఉండేవి. నాలుగో ఏటి టమాటాలో రెండు మొక్కలకే బుడిపెలు ఎక్కువగా కనిపించాయి, మిగిలిన వాటికి చిన్నవి అక్కడక్కడా ఉన్నాయి. బెండ మాత్రం ఇప్పటికీ నన్ను ఇబ్బంది పెడుతోంది, అది ఈ పురుగుకు అంత సులువుగా లొంగే పంట. వేపపిండి ఖర్చు కూడా తక్కువేమీ కాదు. పొడి ధర కన్నా దానికే ఎక్కువ పోతుంది.

మోటారు దగ్గరి మూలలో ఎప్పుడూ తడి ఉండడం వల్ల బుడిపెలు మరీ ఎక్కువ. ఈ ఏడు ఆ పదిహేను సెంట్లలో కూరగాయలు మానేసి, ఈ పురుగును తగ్గించే బంతిని దగ్గర దగ్గరగా నాటాను. పూలు మార్కెట్‌కు వెళ్తున్నాయి. మొక్కలను దున్నేశాక అక్కడ వంగ నాటి, మళ్లీ పది మొక్కలు పీకి వేళ్లు చూస్తాను.