8.8 బోల్టా, 10.9 బోల్టా: హైడ్రోజన్ సంగతి చూశాక

8.8, 10.9 అనేవి ఉక్కు బోల్టుల బలాన్ని చెప్పే గ్రేడ్లు. కాగితం మీద 10.9దే పైచేయి. దాని తన్యతా బలం (లాగితే తెగకుండా తట్టుకునే బలం) సుమారు 1000 మెగాపాస్కల్స్, 8.8ది 800. తక్కువ బోల్టులతో పని గడుస్తుందని చాలామంది అటే మొగ్గుతారు.

హైడ్రోజన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. దాని పరమాణువు చాలా చిన్నది కదా, యాసిడ్‌తో కడిగినప్పుడో, ఎలక్ట్రోప్లేటింగ్‌లోనో (కరెంటుతో లోహపు పూత వేయడం), తర్వాత తడికి తుప్పు పట్టేటప్పుడో ఉక్కులోకి దూరిపోతుంది. ఒత్తిడి ఎక్కువున్న బోల్టు త్రెడ్‌ల మొదళ్లకు చేరి, అక్కడి ఉక్కును పెళుసుగా మారుస్తుంది. 8.8 ఉక్కు కాస్త సాగి సర్దుకుంటుంది. బలం, గట్టితనం పెరిగేకొద్దీ ఆ వెసులుబాటు తగ్గిపోతుంది. విరగడం కూడా బిగించిన వెంటనే కాదు, గంటలో రోజులో గడిచాక, ఏ హెచ్చరికా లేకుండా పటుక్కున!

2013 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ బే బ్రిడ్జి కొత్త తూర్పు భాగంలో జరిగింది ఇదే. గాల్వనైజ్ చేసిన (జింక్ పూత పూసిన) 96 హైస్ట్రెంత్ రాడ్లను బిగిస్తే, రెండు వారాల్లో 32 విరిగాయి. అవి 2008 నుంచీ నీళ్లు నిలిచిన గుంతల్లో ఉన్నాయి. మార్చే వీలు లేక, జీనులాంటి ఉక్కు కట్టడం బిగించి గండం గట్టెక్కించారు.

అందుకే సముద్రగాలి తగిలేచోట నా ఓటు 8.8కే, నాలుగు బోల్టులు ఎక్కువైనా సరే. పొడిగా ఉండే షెడ్డులో 10.9 వాడుకోవచ్చు. పూత తప్పనిసరైతే యాసిడ్ బదులు షాట్ బ్లాస్టింగ్ (చిన్న గుండ్లతో కొట్టి శుభ్రం చేయడం), ఆపై జింక్ ఫ్లేక్ (సన్నని జింక్ పొరకల పూత) అడగండి. ప్లేటింగ్ తర్వాత 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చడం లోపల చిక్కిన హైడ్రోజన్‌కే మందు, రేపటి తుప్పు తెచ్చేదానికి కాదు.