జియాంగ్ హయాం, హు హయాం: పేదవాడికి ఏది మేలు?

చైనా కమ్యూనిస్టు పార్టీ అధినేతగా జియాంగ్ జెమిన్ ఉన్న కాలంలో అభివృద్ధిదే పైచేయి. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది, ఎగుమతులు పెరిగాయి. కానీ అంతకుముందే, 1990ల చివర్లో, నష్టాల్లో ఉన్న ప్రభుత్వ ఫ్యాక్టరీలను మూసేయడంతో కోట్లమంది రోడ్డున పడ్డారు. అక్కడ ఉద్యోగంతోపాటే ఇల్లు, వైద్యం, పెన్షన్ కూడా ముడిపడి ఉండేవి. అన్నీ ఒక్కసారిగా పోతే ఆ కుటుంబాల టెన్షన్ ఎంతటిదో!

2002లో పార్టీ పగ్గాలు అందుకున్న హు జింటావ్ పల్లెల వైపు చూశారు. 2003లో గ్రామీణ ఆరోగ్య బీమా మొదలైంది. 2006లో వ్యవసాయ పన్ను పూర్తిగా రద్దయింది. 2008లో కార్మిక ఒప్పంద చట్టం అమల్లోకి వచ్చింది. నా ఓటు హు కాలానికే. అయితే పల్లె నుంచి నగరానికొచ్చిన కూలీకి అక్కడి బడి, ఆసుపత్రి అందకుండా చేసే ‘హుకౌ’ నమోదు పద్ధతిని ఆయనా తొలగించలేదు. స్వతంత్ర కార్మిక సంఘాలకు ఇద్దరూ చోటివ్వలేదు.