వాల్పొలిచెల్లాలో పాత అమరోనే, దానికి తగ్గ భోజనం

ఇటలీలోని వెరోనా దాకా వెళ్లిన మనవాళ్లు చాలామంది జూలియట్ బాల్కనీ దగ్గర ఫోటో, అరీనా అనే పాత రోమన్ ఆటస్థలం ముందు ఇంకో ఫోటో తీసుకుని సాయంత్రానికి వెనీస్ ట్రైన్ ఎక్కేస్తారు, కానీ రెడ్ వైన్ అంటే కొంచెమైనా ఇష్టం ఉంటే మాత్రం ఆ ఊరిని ఆనుకునే ఉన్న వాల్పొలిచెల్లా కొండల్లో కనీసం రెండు రాత్రులు ఉండండి. అక్కడే తయారయ్యే అమరోనే అనే రెడ్ వైన్‌ని, అదీ పదేళ్లు దాటినదాన్ని, దాని సొంత ఊళ్లో, వేడివేడి భోజనంతో, ఎక్కడికీ పరిగెత్తే పని లేకుండా తాగాలి. నిలబడి టేస్టింగ్ చేస్తే ఆ వైన్ అసలు అర్థం కాదు. నేను చెప్పాలనుకున్నది ఇదే.

మేము మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా వచ్చే డైరెక్ట్ ట్రైన్‌లో వెళ్లాం, ఐదున్నర గంటల దాకా పడుతుంది, ఆల్ప్స్ చూస్తూ కూర్చుంటే టైమ్ తెలీదు. మిలాన్ నుంచి అయితే గంటా పావులో వచ్చేయొచ్చు.

బస విషయానికొస్తే, వెరోనా సిటీ సెంటర్‌లో ఉంటే నడక సుఖం, రాత్రి పూట అరీనా చుట్టూ తిరగడం బాగుంటుంది, ఒకటో శతాబ్దం నాటి కట్టడంలో ఇప్పటికీ ఎండాకాలం ఒపేరాలు వేస్తారు. బొత్తెగా దెల్ వీనో అని పేరున్న పాత రెస్టారెంట్ ఉంది, వైన్ లిస్టు పుస్తకమంత లావు, కౌంటర్ దగ్గర ఒక గ్లాసు తీసుకుని చిన్న చిన్న తినుబండారాలు తినడానికి తప్పకుండా వెళ్లండి. కానీ సిటీలో గ్లాసు లెక్కన పోసేది ఎక్కువగా కొత్త ఇయర్ వైన్, పాతది కావాలంటే ఫుల్ బాటిల్ కొనాలి, రేటు చూస్తే గుండె ఝల్లుమంటుంది. గార్దా సరస్సు ఒడ్డున హోటళ్లు అందంగా ఉంటాయి గానీ సీజన్‌లో జనం ఎక్కువ, పైగా రోజూ అక్కడి నుంచి కొండల్లోకి రావడం విసుగు.

అందుకే మేము వాల్పొలిచెల్లాలోని మరానో అనే ఊరి వైపు కొండ మీద ఒక అగ్రిటూరిజ్మోలో దిగాం, అంటే ద్రాక్షతోట ఉన్న రైతు కుటుంబమే గదులు అద్దెకిచ్చి వంట కూడా చేసి పెడుతుంది. గది మామూలుగానే ఉంది, లిఫ్ట్ లేదు, హీటర్ వేడెక్కడానికి చాలాసేపు పట్టింది, నవంబర్ చలిలో అది కాస్త ఇబ్బందే. డిన్నర్ కావాలంటే ముందు రోజే చెప్పాలి. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను, ఎందుకంటే ఆ డిన్నర్ టేబుల్ మీద దొరికింది ఇంకెక్కడా దొరకలేదు.

వైనరీలు రెండు రకాలవి చూశాం. ఒకటి పెద్దది, బస్సుల్లో వచ్చే గ్రూపులతో కలిపి తిప్పారు, చివర్లో కౌంటర్ దగ్గర నిలబెట్టి ఒకదాని తర్వాత ఒకటి గబగబా పోసేశారు, తినడానికి పుల్లల్లాంటి బ్రెడ్ తప్ప ఏమీ లేదు, డబ్బులు దండగ అనిపించింది. రెండోది చిన్న ఫ్యామిలీది, మెయిల్ రాసి టైమ్ తీసుకుంటే చాలు, ఇంటావిడే స్వయంగా తోటలోకి తీసుకెళ్లారు. తీగలు మన పెరట్లో బీరపాదులా పందిరి మీదకి పాకి ఉంటాయి, గుత్తులు కింద నీడలో వేలాడతాయి. అమరోనే ఒకే రకం ద్రాక్షతో చేసేది కాదు, కొర్వీనా ప్రధానం, దానికి కొర్వినోనే, రొందినెల్లా కలుపుతారు, ఇంకొన్ని లోకల్ రకాలు కొద్ది కొద్దిగా. కోసిన గుత్తుల్ని గాలి బాగా ఆడే గదిలో, వాళ్లు ఫ్రుత్తాయో అంటారు, ట్రేలలో ఒక్క వరసగా పరిచి మూడు నాలుగు నెలలు ఆరబెడతారు, బరువులో మూడో వంతుకి పైగా నీరు పోతుంది, ఆ తర్వాతే నలిపి పులియబెడతారు. అందుకే ఆల్కహాల్ 15, 16 శాతం దాకా వెళ్తుంది, రూల్ ప్రకారం కనీసం 14 ఉండాలి. పూర్వం ఇదే పద్ధతిలో రెచోతో అనే తీపి వైన్ చేసేవాళ్లు, 1936లో ఒక పీపాని మర్చిపోతే అందులో తీపంతా పులిసిపోయి తీపి లేని ఈ అమరోనే తయారైందని అక్కడ చెప్పుకుంటారు. 2010 నుంచి అమరోనేకి ఇటలీలో వైన్‌కి ఇచ్చే అత్యున్నత గుర్తింపైన డీఓసీజీ హోదా ఉంది. ట్రేలలో ద్రాక్ష చూడాలంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యలో వెళ్లాలి, ఆ గదిలో వాసనే వేరు.

ఇక మేము దిగిన అగ్రిటూరిజ్మోలో భోజనం. ఇంటాయన పదేళ్లు దాటిన బాటిల్ సాయంత్రమే తెరిచి, అడుగున మడ్డి కదలకుండా మెల్లగా గాజు జగ్గులోకి వంచి పెట్టారు. కొత్త అమరోనే ముదురు రంగులో ఉంటుంది, ఇది అంచుల్లో ఇటుక రంగుకి తిరిగింది, ఎండు చెర్రీ, కోకో, పొగాకు వాసన, గొంతులో ఎక్కడా గరుకు లేదు. ముందు అమరోనే రిసోత్తో వచ్చింది, వెరోనా దక్షిణాన పండే వియలోనే నానో బియ్యాన్ని అదే వైన్‌లో ఉడికించి చీజ్ కలుపుతారు, వైన్‌లోని పులుపు అన్నంలో, ఎండు పండు రుచి గ్లాసులో, రెండూ నోట్లో కలిసినప్పుడు నాకైతే మాట రాలేదు. శాకాహారులు మాత్రం ముందే అడగాలి, చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లే పోస్తారు.

తర్వాత లెస్సో, అంటే ఉడకబెట్టిన మాంసాలు, దాంతో పేయరా అనే సాస్, ఎండు బ్రెడ్ పొడిని బీఫ్ మూలుగ, సూప్, దండిగా మిరియాలు వేసి సన్నమంట మీద గంటల తరబడి ఉడికిస్తారు. బీఫ్ తినని మా ఫ్రెండ్‌కి ఉడికించిన కోడి పెట్టారు, సాస్ మాత్రం ఆమె వదిలేసింది. ఆ మిరియాల ఘాటు, మూలుగ జిడ్డు పక్కన పాత వైన్ అంత బరువుగా అనిపించలేదు, ముద్ద ముద్దకీ నోరు కడిగినట్టు ఉంది. చివర్లో ముదిరిన మోంతె వెరోనేసే చీజ్ ముక్కలు, మిగిలిన అర గ్లాసు, అలా రెండు గంటలు కూర్చున్నాం.

మావాళ్లలో ఒకరు గుంటూరు కారప్పొడి తీసి చికెన్ మీద చల్లుకున్నారు, అది మాత్రం వద్దండి. ఇంత ఆల్కహాల్ ఉన్న వైన్‌తో మిరపకారం కలిస్తే మంట రెట్టింపవుతుంది, వైన్ రుచి పూర్తిగా పోతుంది. ఇంట్లో తాగాలంటే మిరియాల మటన్ వేపుడు లాంటిది చేసుకోండి, కారం తగ్గించి, పులుపు లేకుండా.

వెరోనా నుంచి లోయలోని ఊళ్లకి సిటీ బస్సులు ఉన్నాయి, సాయంత్రం త్వరగా ఆగిపోతాయి, ఆదివారం ఇంకా తక్కువ. కారు అద్దెకి తీసుకుంటే నడిపేవాళ్లు తాగకూడదు, ఇటలీలో లిమిట్ లీటరు రక్తానికి 0.5 గ్రాములు, లైసెన్సు వచ్చి మూడేళ్లు కాని డ్రైవర్లకి సున్నా. మాకు టాక్సీ ఇంటివాళ్లే మాట్లాడి పెట్టారు.

బాటిల్ కొనాలంటే వైనరీలోనే కొనండి, పాత ఇయర్లు ఉన్నాయా అని అడగండి, షెల్ఫ్‌లో పెట్టకపోయినా లోపల కొన్ని ఉంటాయి. బడ్జెట్ తక్కువైతే రిపాస్సో తీసుకోండి, అమరోనే పిండగా మిగిలిన తొక్కల మీద మామూలు వాల్పొలిచెల్లా వైన్‌ని మళ్లీ పులియబెట్టి చేస్తారు, రోజువారీ భోజనానికి చక్కగా సరిపోతుంది. ఇండియాకి తీసుకెళ్లేవాళ్లకి డ్యూటీ లేకుండా మనిషికి రెండు లీటర్లు, అంటే రెండు బాటిళ్లు, చెకిన్ సూట్‌కేస్‌లో బట్టల మధ్య చుట్టి పెట్టుకోండి, ఇంటికెళ్లాక రెండు మూడు వారాలు కదపకుండా నిలబెట్టి మడ్డి దిగాకే తెరవండి.