అచ్చువేసిన ప్యాటర్న్ కొంటున్నారా? కొలత గడి చూడకుండా గుడ్డ మీద కత్తెర పెట్టకండి

ఇంట్లో ప్రింటర్ లేదు కాబట్టి, చేతులున్న బిగువు టాప్ ప్యాటర్న్ (గుడ్డ మీద పరిచి కోయడానికి వాడే కాగితపు నమూనా) ఒకటి అచ్చువేసి పంపే ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించుకున్నాను. 24 ఏ4 కాగితాలు వచ్చాయి. వాటిని వరసగా కలిపి అంటించి, నా సైజు గీత వెంట కత్తిరించి, ఎన్నాళ్లుగానో దాచుకున్న లినెన్ గుడ్డ మీద పరిచాను. కుట్టు పూర్తయ్యాక తొడిగితే ఛాతీ దగ్గర పట్టేసింది. 36 అంగుళాలు రావలసింది 35 వచ్చింది. గుడ్డ పోయింది, ఇక తిరిగి రాదు. ఇలాంటి ప్యాటర్న్‌కి డబ్బు కట్టబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి.

కుట్టేటప్పుడు నాకు ఎక్కడా అనుమానం రాలేదు. చేయి చంక గుండ్రంలో చక్కగా అమరింది. పక్క కుట్లు కలిశాయి. నాచ్‌లు, అంటే ముక్కలు ఎక్కడ కలపాలో చూపే అంచు గుర్తులు, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్క ముక్కలోనే తప్పుంటే పక్క ముక్కతో కలపగానే తెలిసిపోతుంది. ఇక్కడ అన్ని ముక్కలూ ఒకే పాళ్లలో తగ్గాయి. అందుకే ఒకదానికొకటి సరిపోయాయి, ఒంటికి మాత్రం సరిపోలేదు.

అమ్మకందారుకి రాస్తే వచ్చిన మొదటి జవాబు: లినెన్ ముడుచుకుని ఉంటుంది, లేదా మీరు గీత లోపలికి కోసి ఉంటారు. గుడ్డను కోయకముందే నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాను. కోత తప్పు అనే మాటను మాత్రం తేలిగ్గా కొట్టేయలేదు, ఎందుకంటే అది నిజంగా జరుగుతుంది. సుద్ద గీత 2 మిల్లీమీటర్ల మందం ఉంటే, ఒక ముక్కకు గీత లోపల, ఇంకో ముక్కకు బయట కోసేస్తుంటాం. నాలుగు ముక్కల టాప్‌కి ఎనిమిది నిలువు అంచులు. అన్నిచోట్లా ఒకే వైపు తప్పితే 16 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. రెండు పొరలు కలిపి కోసేటప్పుడు అడుగు పొర జారడం, గుండుసూదులు గుచ్చినచోట కాగితం ఉబ్బడం కూడా మామూలే. అందుకే గుడ్డను పక్కనపెట్టి కాగితాన్నే కొలిచాను. వెనక భాగం ముక్క మీద నిలువు పొడవు 60 సెంటీమీటర్లు అని అచ్చై ఉంది. స్టీలు స్కేలు పెడితే 58.4 ఉంది. కాగితం మీద రాసిన అంకెకే ఆ కాగితం కట్టుబడలేదు.

ఇలాంటి ప్యాటర్న్‌లలో సాధారణంగా మొదటి పేజీలో ఒక కొలత గడి ఉంటుంది. చదరపు గడి, ఇన్ని సెంటీమీటర్లు ఉండాలి అని పక్కనే రాసి ఉంటుంది. నాకు వచ్చిన పొట్లంలో ఆ పేజీయే లేదు. పట్టుబట్టి అడిగితే విడిగా పంపారు. 10 సెంటీమీటర్ల గడి అడ్డంగా, నిలువుగా కూడా 9.7 కొంచెం పైన తేలింది. ఆ పేజీ చూశాకే కారణం అర్థమైంది. ప్యాటర్న్‌ను అమెరికాలో వాడే లెటర్ సైజు కాగితానికి గీశారు. దాని వెడల్పు 215.9 మిల్లీమీటర్లు, ఏ4 వెడల్పు 210. ప్రింట్ చేసేటప్పుడు "ఫిట్ టు పేజ్" అని ఎంచుకుంటే యంత్రం బొమ్మనంతా సుమారు 97 శాతానికి కుదిస్తుంది. "యాక్చువల్ సైజ్" లేదా 100 శాతం అని పెట్టి ఉంటే ఈ గొడవే లేదు, అంచులో కొంత తెగితే అది వెంటనే కంటికి కనిపించేది. 3 శాతం కంటికి ఆనదు. కానీ 36 అంగుళాల మీద అది ఒక అంగుళం.

డబ్బు కట్టే ముందు, ఆ గడి మీద స్కేలు పెట్టి తీసిన ఫొటో పంపమని అడగండి. పంపడానికి వెనకాడేవాళ్ల దగ్గర కొనకండి. పొట్లం వచ్చాక కాగితాలు అంటించకముందే మీరూ కొలవండి, రెండు దిక్కులా. కుట్టుపనికి వాడే టేపుతో వద్దు, పాత టేపులు సాగి ఉంటాయి. మీ స్కేలు మీద 10 అంగుళాల గీత 25.4 సెంటీమీటర్ల దగ్గర పడుతోందో లేదో కూడా చూసుకోండి.

అంటించేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. పక్కపక్కన 6 కాగితాలంటే 5 అతుకులు. ఒక్కో అతుకు దగ్గర 1 మిల్లీమీటరు ఎక్కువ కప్పితే 5 మిల్లీమీటర్లు పోతాయి. అది మడత మీద పెట్టి కోసే ముక్కైతే రెండింతలు. గుడ్డ నిలువు పోగు ఎటు ఉండాలో చూపే బాణం అతుకుల మీదుగా పోతుంటే పొడవాటి స్కేలు ఆనించి చూడండి, అది విరిగినట్టు కనిపిస్తే అక్కడ అతుకు వంకర పోయినట్టే.

ఇప్పటికే ఇలాంటి కాగితాలు చేతికొచ్చి ఉంటే పారేయకండి. అంటించకముందైతే విడి కాగితాలను 103 శాతానికి జెరాక్స్ తీయిస్తే గడి మళ్లీ 10 సెంటీమీటర్లకు వస్తుంది. ఏ4 మీద అంచులు తెగుతాయి కాబట్టి ఏ3 కాగితం మీద తీయించుకోండి. నేను అంటించినవి ఊడదీసి అలాగే తీయించాను. ఈసారి ముందు పాత దుప్పటి మీద కోసి, వదులుగా కుట్టి చూశాను. ఛాతీ 36 వచ్చింది.

అమ్మకందారు ప్యాటర్న్ డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. గుడ్డ సంగతి మాకు సంబంధం లేదన్నారు. ఇకపై పంపే ప్రతి పొట్లంలో కొలత గడి పేజీ పెడతారా అని అడిగాను. ఆ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.