కార్చిచ్చు మీద మూడు పుస్తకాలు: ముందు ఏది చదవాలి?

కార్చిచ్చు గురించి ఇంగ్లిషులో చాలా పుస్తకాలున్నాయి. వాటిలో ఒక్కటే చదివే తీరికుంటే ఏది తీసుకోవాలి? నా లెక్కలో బరిలో ఉన్నవి మూడు: నార్మన్ మెక్లీన్ ‘యంగ్ మెన్ అండ్ ఫైర్’ (1992), తిమోతీ ఈగన్ ‘ది బిగ్ బర్న్’ (2009), జాన్ వాలియంట్ ‘ఫైర్ వెదర్’ (2023).

ఆపకుండా చదివించడంలో ఈగన్‌దే పైచేయి. 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో అమెరికాలోని ఐడహో, మోంటానా కొండల్లో పెనుగాలి లేచి, అక్కడక్కడా రగులుతున్న మంటలన్నీ ఏకమై సుమారు 30 లక్షల ఎకరాల్ని కాల్చేశాయి. 80 మందికి పైగా పోయారు. ఎక్కువమంది మంటలార్పే పనికి కూలికొచ్చినవాళ్లే. ఎడ్ పులాస్కీ అనే రేంజర్ తన మనుషుల్ని ఒక పాత గని సొరంగంలోకి తోసి, బయటికి పరుగెత్తితే కాల్చేస్తానని తుపాకీ పట్టుకుని అడ్డం నిలబడిన ఘట్టం చదువుతుంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. పక్కనే అమెరికా అధ్యక్షుడిగా చేసిన థియోడర్ రూజ్‌వెల్ట్, 1905లో పుట్టిన అటవీ సేవా సంస్థ, దాని తొలి అధిపతి గిఫర్డ్ పిన్షోల రాజకీయం కూడా నడుస్తుంది. అయితే కథ బరువంతా వీరుల మీదే. ఆ అగ్ని తర్వాత ‘కనిపించిన ప్రతి మంటనూ ఆర్పాల్సిందే’ అన్న పట్టుదల పెరిగి, 1935 నాటికి మర్నాడు పొద్దున పది గంటల్లోపు అదుపు చేయాలన్న నియమంగా స్థిరపడింది. దానివల్ల అడవుల్లో ఎండు కంప ఏళ్ల తరబడి పేరుకుపోయింది. నాకు ఇంకా ఎక్కువ చదవాలనిపించింది ఈ సంగతి గురించే.

మెక్లీన్ పుస్తకంలోని కథ ఆ నియమం నడుస్తున్న రోజుల్లోదే. 1949 ఆగస్టు 5న మోంటానాలోని మాన్ గల్చ్ అనే లోయలో 15 మంది కుర్రాళ్లు మంటలార్పడానికి పారాచూట్లతో దూకారు. నేల మీద ఇంకొకరు కలిశారు. రెండు గంటలు తిరిగేసరికి నిప్పు వాళ్లను ఏటవాలు గడ్డిలో తరుముకొచ్చింది. ఎగువకు ఎక్కే మంట తన పైనున్న గడ్డిని ముందే కాగబెట్టి ఎండగొడుతుంది. అందుకే అది మనిషి కాళ్లకన్నా వేగంగా ఎక్కుతుంది. దళనాయకుడు వాగ్ డాడ్జ్ ఆగి, తన ముందున్న గడ్డికి తానే నిప్పంటించి, కాలిన ఆ బూడిదలో పడుకుని బతికిపోయాడు. రమ్మని పిలిచినా ఎవరూ వెళ్లలేదు. అలాంటి ఉపాయం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. శిఖరం దగ్గర రాళ్ల సందులోంచి దూరి ఇద్దరు బయటపడ్డారు. 13 మంది పోయారు. డాడ్జ్ పెట్టిన నిప్పే మా పిల్లల్ని చంపిందని కొందరు తల్లిదండ్రులు నమ్మారు.

షికాగో విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెప్పి రిటైరైన మెక్లీన్, ముసలితనంలో చాలా ఏళ్లు ఈ ఆరాకే ధారపోశాడు. 1978లో, అంటే 29 ఏళ్ల తర్వాత, బతికిన ఆ ఇద్దరినీ అదే వాలు మీదికి తీసుకెళ్లి ఎవరు ఎక్కడున్నారో అడిగాడు. అగ్ని శాస్త్రజ్ఞుల లెక్కలతో మంట వేగాన్ని కుర్రాళ్ల పరుగుతో పోల్చి చూశాడు. 1990లో ఆయన పోయేనాటికి పుస్తకం పూర్తికాలేదు. తర్వాత అచ్చయింది. 1977 దివిసీమ ఉప్పెనలో బతికినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ రాత్రి ఏ గట్టు మీద ఎవరున్నారో వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి అడిగి రాసేవాళ్లు కావాలని, ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ అనిపిస్తుంది.

వాలియంట్ పుస్తకం 2016 మేలో కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రే చమురు పట్నం తగలబడ్డ కథ. దాదాపు 88 వేల మంది ఒక్కసారిగా ఊరు ఖాళీ చేశారు. వాతావరణ మార్పు, పెట్రోలియంతో తయారైన సామానుతో నిండిన ఇళ్లు నిమిషాల్లో కాలిపోవడం ఇందులో బాగా అర్థమవుతాయి. చమురు చరిత్ర చెప్పే భాగం మాత్రం సాగదీసినట్టుంటుంది. 2020 సెప్టెంబరులో కార్చిచ్చుల పొగకు శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలి బే ఏరియా ఆకాశం నారింజ రంగుకు తిరగడం చూసిన మన వాళ్లు దీంతోనే మొదలుపెట్టొచ్చు.

మిగతా అందరికీ నా ఓటు మెక్లీన్‌కే. మంటల్లో పోయినవాళ్లు ఎలా చనిపోయారన్నది ఇంత ఓపికగా, ఇంత ప్రేమగా వెతికిన పుస్తకం ఈ మూడింట్లో ఇదొక్కటే. ఇంగ్లిషు పుస్తకాలు అంతగా అలవాటు లేనివాళ్లు ముందు ఈగన్ చదివి దీనికి వస్తే తేలిక. లెక్కలొచ్చే పేజీల దగ్గర కాస్త నెమ్మదిస్తే చాలు. అక్కడ ఆపేయొద్దు.