పద్యనాటకాలకు బొమ్మ కట్టిన వేవ్‌సర్ఫర్: నాలుగేళ్లు వాడాక

మా నాన్న దగ్గర ఒక ట్రంకుపెట్టె నిండా క్యాసెట్లున్నాయి. కోవూరు, అల్లూరు, విడవలూరు చుట్టుపక్కల తిరునాళ్లలో, నెల్లూరు పురమందిరంలో ఆడిన పద్యనాటకాలను ఆయన ముందు వరసలో కూర్చుని తన టేప్‌రికార్డర్‌తో పట్టుకున్నవి. అన్నీ తొంభై నిమిషాల క్యాసెట్లే, ఒక్కో వైపు 45 నిమిషాలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, చుట్టాలూ ఆయన స్నేహితులూ ఫోన్లో వినేలా చిన్న సైటు ఒకటి పెట్టాను. పెట్టిన వారానికే ఆయన పిలిచి అడిగారు: "రాయబారం సీను ఎక్కడుండాదో ఎట్టా తెలిసేదిరా? ఆ చుక్కను పట్టుకుని అటూ ఇటూ లాగతా ఉంటే పొద్దుపోతా ఉండాది."

ఆయన అడిగింది న్యాయమే. మామూలు ప్లేయర్‌లో ఒక సన్న గీత, దాని మీద ఒక చుక్క, అంతే. 45 నిమిషాల నాటకంలో పద్యం ఎక్కడ, వచనం ఎక్కడ, హార్మోనియం సర్దుకునేది ఎక్కడ అన్నది ఆ గీత ఏమీ చెప్పదు. శబ్దం హెచ్చుతగ్గులను బొమ్మగా చూపించే వేవ్‌ఫారం పెడదామని 2022లో వేవ్‌సర్ఫర్ జేఎస్ అనే ఉచిత జావాస్క్రిప్ట్ లైబ్రరీని (వెబ్ పేజీలో వాడుకోవడానికి ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం) తీసుకున్నాను. అప్పటి నుంచి అదే వాడుతున్నాను.

మొదలుపెట్టడం తేలిక. పేజీలో ఒక ఖాళీ డబ్బా పెట్టి, ఆడియో ఫైలు ఎక్కడుందో, బొమ్మ ఎత్తెంతో, రంగులేమిటో నాలుగైదు వరసల్లో రాస్తే చాలు. విన్న భాగం ఒక రంగులో, మిగిలింది ఇంకో రంగులో కనిపిస్తుంది. ఎక్కడ వేలు పెడితే అక్కడి నుంచి మోగుతుంది. మూడు నిమిషాల పద్యం మీద పరీక్షించినప్పుడు అరగంటలో పని అయిపోయింది.

మొత్తం క్యాసెట్టు ఎక్కించాక అసలు కష్టం బయటపడింది. నా ల్యాప్‌టాప్‌లో బాగానే వచ్చింది. కావలిలో మా పిన్ని ఫోన్లో తెరిస్తే మాత్రం పేజీ కాసేపు తిరిగి దానంతట అదే మూసుకుపోయేది. రెండు రోజులు టెన్షన్ పడి వెతికితే కారణం దొరికింది. మనం ముందుగా లెక్కలేవీ ఇవ్వకపోతే ఈ లైబ్రరీ ఫైలు మొత్తాన్ని దించుకుని, బ్రౌజర్ చేత విప్పించి, ఆ తర్వాత బొమ్మ గీస్తుంది. ఎంపీ3గా ఉన్నంతసేపు ఫైలు చిన్నదే. విప్పితే సెకనుకు 44,100 నమూనాలు (శబ్దాన్ని కొలిచిన అంకెలు), ఒక్కో నమూనాకు 4 బైట్లు, కుడి ఎడమలు వేరుగా ఉండే స్టీరియో అయితే అన్నీ రెండింతలు. క్యాసెట్టులో ఒక్క వైపుకే దాదాపు 95 కోట్ల బైట్లు! పిన్ని ఫోన్లో ఉన్న ర్యామే 2 జీబీ.

అందుకే దీన్ని పెట్టాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఒకటే. పది నిమిషాలు దాటిన ఆడియోకు బొమ్మ గీసే లెక్కను వినేవాళ్ల ఫోన్ మీద వేయకండి, మీ మెషీన్‌లోనే చేసి పెట్టండి. ఆ లెక్కలను పీక్స్ అంటారు. బీబీసీ వాళ్లు విడుదల చేసిన ఆడియోవేవ్‌ఫారం అనే ఉచిత ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. సెకనును 10 ముక్కలు చేయమని చెప్తే, ఒక్కో ముక్కలో అన్నిటికంటే ఎక్కువ విలువ, అన్నిటికంటే తక్కువ విలువ తీసి రాస్తుంది. 2,700 సెకన్లకు 54 వేల అంకెలు. ఆ అంకెలనూ మొత్తం నిడివినీ ఇచ్చేస్తే వేవ్‌సర్ఫర్ ఫైలును విప్పే పని పెట్టుకోదు. బొమ్మ వెంటనే వచ్చేస్తుంది, ఆడియో కావలసినంత మేరకే దిగుతుంది. పిన్ని ఫోన్లో ఆ రోజు నుంచి ఇబ్బంది లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ ప్రోగ్రాం 8 బిట్లలో ఇచ్చే అంకెలు మైనస్ 128 నుంచి 127 దాకా ఉంటాయి, వేవ్‌సర్ఫర్‌కు కావలసినవి మైనస్ 1 నుంచి 1 దాకా. నేను 128తో భాగించడం మర్చిపోయాను. డబ్బా అంతా ఒకే రంగు పూసినట్టు నిండిపోయింది.

బొమ్మ సరిగ్గా వచ్చిన సాయంత్రం నాన్నకు చూపించాను. "ఏందిరా ఇది, గుండెకి తీసే ఈసీజీ మాదిరి ఉండాది" అన్నారు. వినిపిస్తూ పోయాను. పావుగంట తర్వాత ఆయనే వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. "ఇక్కడ సన్నబడింది చూడు, హార్మోనియం ఒక్కటే ఉండాది. ఇదో, ఇక్కడ రాగం తీస్తా ఉండాడు, నింపాదిగా లావవతా ఉండాది. ఈ గుట్ట మాదిరి లేచిందా, అది జనం." ఆ గుట్ట నిజంగా జనమే. పద్యం అవగానే చప్పట్లు, ఈలలు, "వన్స్ మోర్" అనే అరుపులు. దాని పక్కనే, అంతకుముందు పద్యానికి ఉన్న ఆకారమే మళ్లీ కనిపించింది. నటుడు జనం కోరితే అదే పద్యం మళ్లీ పాడాడు. రాగం సాగదీసిన చోట రెండోసారి బొమ్మ కొంచెం పొడుగైంది. ఒకే పద్యం రెండుసార్లు, పక్కపక్కన, కంటికి కనిపించేలా! ఇన్నేళ్లుగా ఆ క్యాసెట్లు వింటున్నాను కానీ వన్స్ మోర్ తర్వాత పద్యం ఎలా మారుతుందో అప్పటిదాకా గమనించలేదు. ఈ లైబ్రరీ మీద నాకు ఇష్టం కుదిరింది ఆ సాయంత్రమే.

అయితే అన్ని క్యాసెట్లూ ఇలా చదవడానికి వీలుగా ఉండవు. నాన్న తర్వాత కొన్న టేప్‌రికార్డర్‌లో శబ్దం స్థాయిని దానంతట అదే సర్దుకునే ఏర్పాటు ఉంది. గట్టిగా పాడితే తగ్గిస్తుంది, నిశ్శబ్దంగా ఉంటే పక్కవాళ్ల మాటలనూ టేపు బుసనూ కూడా పైకి లాగుతుంది. వాటి వేవ్‌ఫారం మొదటి నుంచి చివరి దాకా ఇటుక గోడలా ఒకే ఎత్తులో ఉంటుంది. అందులో పద్యమూ లేదు, వచనమూ లేదు. ఎత్తు పెంచే సెట్టింగులన్నీ తిప్పి చూశాను, ఏమీ మారలేదు. రికార్డింగులోనే పోయిన హెచ్చుతగ్గులను బొమ్మ ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ క్యాసెట్లకు ఒకటే దారి, కూర్చుని విని చేత్తో గుర్తులు పెట్టడం.

దానికి రీజియన్స్ అనే ప్లగిన్ (లైబ్రరీకి అదనంగా తగిలించుకునే భాగం) ఉంది. బొమ్మ మీద ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పద్యమో లాగి రంగు వేయవచ్చు, పేరు రాయవచ్చు. గుర్తులు పెట్టే పేజీని నాన్నకు వేరుగా చేసి ఇచ్చాను. ఆయన రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక వైపు విని గుర్తులు పెట్టేవారు. మొదట పద్యం ఎత్తుగడ మొత్తం బొమ్మ మీదే కనిపించాలనుకున్నాను. ఫోన్ తెర వెడల్పు 360 పిక్సెళ్లయితే 45 నిమిషాలకు ఒక్కో పిక్సెల్ ఏడున్నర సెకన్లు. నిమిషంన్నర పద్యానికి దక్కేది 12 పిక్సెళ్లు. అందులో "బావా" అని రాయడానికి కూడా చోటు చాలదు. అందుకని బొమ్మ మీద నంబరు మాత్రం ఉంచి, కింద పద్యాల జాబితా ఇచ్చాను. జాబితాలో నొక్కితే బొమ్మ అక్కడికి జరుగుతుంది. బొమ్మను కూడా సెకనుకు 10 పిక్సెళ్లకు సాగదీసి, పైన మినీమ్యాప్ ప్లగిన్‌తో మొత్తం క్యాసెట్టును చిన్నగా చూపిస్తున్నాను. ఇప్పుడు లావుపాటి వేలు పెట్టినా సరైన చోటే పడుతుంది.

జాబితా వల్ల ఇంకో మేలు జరిగింది. ఒంగోలు నుంచి ఒక హార్మోనిస్టు ఫోన్ చేశారు. ఆయనకు చూపు లేదు, తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఫోన్ వాడతారు. "అందరూ బొమ్మ బాగుందంటుండారు, నాకు ఆడ ఏమీ పలకడం లేదు బాబూ" అన్నారు. బొమ్మ గీసేది కాన్వాస్ మీద, అంటే అక్షరాలు లేని ఒట్టి బొమ్మగా, కాబట్టి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఏమీ దొరకదు. నేను ఆ సంగతి ముందే ఆలోచించి ఉండాల్సింది. జాబితాలో ప్రతి పద్యాన్నీ మామూలు బటన్‌గా మార్చాను, పది సెకన్లు వెనక్కి, ముందుకు జరిగే బటన్లు పెట్టాను. మీరు వేవ్‌ఫారం పెడితే ఈ రెండూ మొదటి రోజే పెట్టండి.

ఇంకో రెండు ఇబ్బందులకు వేవ్‌సర్ఫర్‌తో సంబంధం లేదు, కానీ అందరూ దాన్నే అనుమానిస్తారు. సైటు ఫైళ్లు ఉంచడానికి నేను మొదట తీసుకున్న చవక హోస్టింగ్‌లో ఫైలును ముక్కగా అడిగితే ఇచ్చే సౌకర్యం లేదు. బొమ్మ మీద ఎక్కడ నొక్కినా నాటకం మొదటి నుంచే వచ్చేది. హోస్టింగ్ మార్చాక సరిపోయింది. రెండోది, నేను కొన్ని ఎంపీ3లను మారే బిట్‌రేటులో, అంటే సెకనుకు వాడే డేటా ఒకేలా ఉండని పద్ధతిలో చేశాను. వాటిలో బొమ్మ ఒక చోట, శబ్దం ఇంకో చోట ఉండేవి. క్యాసెట్టు చివరికి వచ్చేసరికి తేడా సెకన్లలో కనిపించేది. అన్నిటినీ స్థిరమైన 64 కేబీపీఎస్ మోనోకు మార్చాను. ఒక్కో వైపు సుమారు 21 ఎంబీ అయింది. టేప్‌రికార్డర్ పట్టుకున్నదే మోనో కనుక పోయిందేమీ లేదు.

2023లో ఏడో వెర్షన్ వచ్చినప్పుడు మాత్రం వారం రోజులు పని పట్టింది. లైబ్రరీని టైప్‌స్క్రిప్ట్ అనే భాషలో కొత్తగా రాశారు. రీజియన్ చేర్చే ఆదేశాన్ని లైబ్రరీకి కాకుండా ప్లగిన్‌కు ఇవ్వాల్సి వచ్చింది. మౌస్ ఉన్న చోట సమయం చూపించే పాత కర్సర్ ప్లగిన్ పోయి హోవర్ వచ్చింది. బొమ్మ షాడో డామ్ (పేజీలో విడిగా మూసి ఉంచిన గది లాంటిది) లోపలికి వెళ్లడంతో రంగులూ రూపాల కోసం నేను రాసుకున్న సీఎస్ఎస్ దాన్ని తాకలేదు, నంబర్లన్నిటి రూపం మారిపోయింది. అయినా మారినందుకు సంతోషమే. ఇది పాతదానికంటే తేలికగా ఉంది, పొడవైన బొమ్మను కనిపించే మేరకు ముక్కలుగా గీస్తుంది.

బీబీసీ వాళ్లదే పీక్స్ జేఎస్ అనే ఇలాంటి లైబ్రరీని కూడా రెండు నెలలు పెట్టి చూశాను. మొత్తం బొమ్మ, దగ్గరి బొమ్మ రెండూ దానితోనే వస్తాయి, గుర్తులు పెట్టే పనికి చాలా బాగుంటుంది. ఆడియో కత్తిరించి సర్దేవాళ్లకు నేను దాన్నే చెప్తాను. వినేవాళ్ల పేజీకి వేవ్‌సర్ఫర్ హాయి.

ట్రంకుపెట్టెలో గుర్తులు పెట్టాల్సిన క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. కిందటి నెల అల్లూరు నుంచి నాన్న స్నేహితుడొకాయన ఫోన్ చేసి, "మీ నాయన ఏడో నంబరు అర్జునుడి పద్యమని రాసుండాడు. అది కృష్ణుడిదబ్బయ్యా, ఆ గొంతు నాకు తెలవదా" అన్నారు. నాన్న మళ్లీ విన్నారు, రెండుసార్లు. పేరు మార్చాను.